చెవి సంగతి దాచమని నేర్పకండి: మన డిఫెన్స్ కోచింగ్ సెంటర్లకు ఒక బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలో డిఫెన్స్ కోచింగ్ సెంటర్లు నడుపుతున్న సార్లందరికీ నమస్కారం.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా 20 ఏళ్లు పనిచేసి వచ్చినవాణ్ని. మాది పరకాల దగ్గర ఊరు. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. పైలట్‌ని కాను, డాక్టర్‌ని అసలే కాను. పైలట్ల చెవుల్లోకి, ముక్కుల్లోకి తొంగిచూసే డాక్టర్ల పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డవాణ్ని. ఆ 20 ఏళ్లలో కొన్నేళ్లు ఆల్టిట్యూడ్ ఛాంబర్ (ఆకాశంలోని పలుచటి గాలిని నేల మీదే చూపించే గది) మీద డ్యూటీ పడింది. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అంతే.

పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్‌కు పోతాను. మీ పిల్లలు అక్కడే ఉరుకుతుంటారు. వీపు మీద మీ సెంటర్ పేరు, ఛాతీ మీద యుద్ధవిమానం బొమ్మ. ఈమధ్య ఆడపిల్లలు కూడా బాగానే కనిపిస్తున్నారు. 2016 జూన్‌లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు కదా, వాళ్ల ఫోటోలు ఫ్లెక్సీల మీద ఇప్పటికీ చూస్తుంటాను. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ ఫ్లెక్సీలు ఇంకొన్ని లేచాయి. మామునూరులో దిగబోయేది ప్రయాణికుల విమానం, దానికీ ఫైటర్ పైలట్ కావడానికీ ఏం సంబంధమని తల్లిదండ్రుల్లో ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడిగినట్టు లేదు.

పోనివ్వండి, ఫ్లెక్సీలతో నాకు గొడవ లేదు. గొడవ మా మేనల్లుడి దగ్గర మొదలైంది.

వాడు మీలో ఒకరి దగ్గర రెండేళ్లు చదివాడు. ఏ సెంటరో రాయను, రాస్తే ఉత్తరం వాళ్లొక్కరికే అయిపోతుంది. రాతపరీక్ష పాసయ్యాడు. ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాడు. ఆ ఐదు రోజులు గట్టెక్కడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక మిగిలింది మెడికల్. చిన్నప్పుడు వాడికి ఎడమ చెవి కారేది. మా చెల్లె వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి, దూది పెట్టి, అట్లనే పెంచింది. మెడికల్‌కు పోయే వారం ముందు సెంటర్‌లో వాడికి చెప్పిన మాటలు ఇవి: చెవి గురించి అడిగితే పుట్టిన కాడినుంచి ఏ ప్రాబ్లం లేదని చెప్పు. రెండ్రోజుల ముందు నుంచి డ్రాప్స్ వేసుకో. తలస్నానం చెయ్యకు. కలర్ టెస్ట్ ప్లేట్ల (రంగు చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మలు) పీడీఎఫ్ గ్రూపులో పెట్టినం, నంబర్లు బట్టీ పట్టు.

అక్కడ డాక్టర్ వాణ్ని ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, గాలిని లోపలికి నెట్టమన్నాడు. చెవిలో లైటు పెట్టి చూశాడు. కుడి కర్ణభేరి కదిలింది. ఎడమది కదల్లేదు, దాంట్లో చిన్న రంధ్రం ఉంది. రెండు నిమిషాల పని. కాజీపేటలో రైలు దిగి వాడు మా ఇంటికే వచ్చాడు, వాళ్లమ్మ దగ్గరికి పోవడానికి మొహం చెల్లక. బ్యాగు కూడా దింపకుండా అడిగిన మాట: "మామా, నేను చెప్పకపోయినా ఆయనకెట్ల తెలిసింది?"

పదో తరగతిలోనే ఒక చెవి డాక్టర్‌కు చూపించి ఉంటే ఆ రంధ్రానికి చికిత్స జరిగేది. అప్పుడు ఫ్లయింగ్‌కు పనికొచ్చేవాడా అంటే నేను హామీ ఇవ్వలేను. కానీ ఏ దారికి పోవాలో రెండేళ్ల ముందే తెలిసేది. రెండేళ్లంటే మా బావకు రెండు పత్తి పంటలు.

మీరు అనొచ్చు, చెవి గురించి ఇంత పట్టింపు ఎందుకని. అక్కడికే వస్తున్నాను.

కర్ణభేరి వెనకాల చిన్న గాలి గది ఉంటుంది. దాని నుంచి గొంతు వెనక్కి సన్నటి గొట్టం దిగుతుంది. విమానం పైకి పోయేటప్పుడు బయట ఒత్తిడి తగ్గుతుంది, గదిలో గాలి వ్యాకోచించి తనంతట తానే గొట్టంలోంచి బయటపడుతుంది. టక్‌మని చప్పుడు, అంతే. కష్టమంతా దిగేటప్పుడే. గొట్టం గొంతు వైపు చివర మెత్తగా ఉంటుంది, బయటి ఒత్తిడికి అది అతుక్కుపోతుంది. గుటక వేసో, ముక్కు మూసి గాలి ఊదో తెరుచుకోవాలి. జలుబుతో లోపలి పొర ఉబ్బి ఉంటే తెరుచుకోదు. కర్ణభేరి లోపలికి లాగుకుపోతుంది, రక్తం చిమ్ముతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. మెట్టుకు మెట్టు దిగే ప్రయాణికుల విమానంలోనే చంటిపిల్లలు ఎందుకు ఏడుస్తారో ఎక్కినవాళ్లకు తెలుసు. ఫైటర్ పదుల వేల అడుగులు నిమిషాల్లో దిగుతుంది. పైగా గాలి ఒత్తిడి మారే జోరు నేలకు దగ్గరవుతున్నకొద్దీ ఎక్కువ. అంటే చెవి పోటు ముదిరేది సరిగ్గా రన్‌వే కళ్లముందుకు వచ్చే సమయానికే.

ఇంకో తమాషా ఉంది. వంద శాతం ఆక్సిజన్ పీల్చి దిగిన పైలట్‌కు ఆ పూట ఏమీ అనిపించదు. రాత్రి పడుకుంటాడు. చెవి గదిలో చేరిన ఆక్సిజన్‌ను ఒంటి కణాలు మెల్లగా పీల్చేసుకుంటాయి, లోపల ఖాళీ ఏర్పడుతుంది. తెల్లారి చెవి దిబ్బడతో లేస్తాడు. కొత్త పిల్లలు మా దగ్గరికొచ్చి, "నిన్న ఫ్లయింగ్‌లో అంతా బాగానే ఉందే" అని తలకాయ గోక్కునేవాళ్లు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో వరంగల్‌లో సగం ఊరు తుమ్ముతుంది. పత్తి జిన్నింగ్ మిల్లుల పక్కన, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్కన పెరిగిన పిల్లలకు ముక్కు దిబ్బడ అలవాటైపోయి, అదొక జబ్బని కూడా అనుకోరు. నుదుటి ఎముక లోపలా, బుగ్గల లోపలా ఉన్న సైనస్ గదులకు దారి మూసుకుంటే జరిగేది కూడా చెవిలో జరిగేదే. నొప్పి మాత్రం ఇంకా ఘోరం.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మీకు నీతులు చెప్పే ముందు అది చెప్పకపోతే బాగుండదు.

సర్వీసులో ఉన్నప్పుడు ఒక కుర్ర ఆఫీసర్ సాయంత్రం డిస్పెన్సరీకి వచ్చాడు. జలుబు. డాక్టర్‌కు చెప్తే రెండు మూడు రోజులు ఫ్లయింగ్ ఆపేస్తారు, తర్వాతి రోజు తనకు ముఖ్యమైన సార్టీ, అంటే ఒక విడత ఫ్లయింగ్, ఉంది. "భయ్యా, రిజిస్టర్లో రాయకు, ముక్కులో చుక్కలు ఇయ్యి చాలు" అన్నాడు. మంచివాడు. మాలాంటి వాళ్లను పేరు పెట్టి పలకరించేవాడు. ఇచ్చాను. రాయలేదు. మర్నాడు రెండు చేతులతో నుదురు పట్టుకుని వచ్చాడు, రుమాలు ఎర్రగా ఉంది. దిగేటప్పుడు కనుబొమ్మ పైన మేకు దింపినట్టయిందట. ఎడమ కన్ను నీళ్లు కారిపోతుంటే కుడి కంటితో చూస్తూ ల్యాండ్ చేశాడు. మూడు రోజుల్లో పోయేది మూడు వారాలు నేల మీద కూర్చోబెట్టింది. విమానం క్షేమం, మనిషి క్షేమం. నా పేరు అతను చెప్పలేదు. డాక్టర్ అడగలేదు. ఆయనకు తెలుసని మాత్రం ఇప్పటికీ నాకు అనుమానం.

కాబట్టి దాచడం మీతోనే మొదలైందని నేను అనను. ఎగరడం ప్రాణంగా బతికేవాళ్లకు నేల మీద కూర్చోమనడం కంటే శిక్ష లేదు. కానీ దాచడం అనే విద్యను 17 ఏళ్ల వయసులో ఫీజు తీసుకుని నేర్పితే, వాడు 27 ఏళ్లకు దాన్ని మర్చిపోతాడా?

ఇప్పుడు ఛాంబర్ గురించి.

ఛాంబర్ అంటే మందమైన ఇనుప గది. గుండ్రటి అద్దాల కిటికీలు, లోపల రెండు వైపులా బెంచీలు, ఒక్కొక్కరికి ఒక ఆక్సిజన్ మాస్కు. బయట పంపు లోపలి గాలిని తోడేస్తుంటే గది నేల మీదే ఉండి 25,000 అడుగుల ఎత్తుకు పోయినట్టు అవుతుంది. ఒక సర్జికల్ గ్లౌజు మూతి కట్టి పైన వేలాడదీస్తాం. గది పైకి పోతున్నకొద్దీ అది ఉబ్బుతుంది, 25,000కు చేరేసరికి ఐదు వేళ్లూ నిక్కబొడుచుకుని ఆవు పొదుగులా నిలబడుతుంది. నవ్వే పిల్లలకు మా సార్ చెప్పేవాడు: మీ పేగుల్లో ఉన్న గాలి కూడా ఇప్పుడు ఇట్లనే ఉంది. ముందురోజు రాత్రి శనగ గుడాలో, రాజ్మానో లాగించిన వాళ్ల మొహాలు అప్పుడు చూడాలి. ఛాంబర్‌లో మొహమాటం పనికిరాదు, వచ్చిందాన్ని వదిలెయ్యమని ముందే చెప్తాం.

తర్వాత మాస్కు తీయిస్తాం. చేతిలో అట్ట, కాగితం, పెన్సిల్. వంద నుంచి ఏడు తీసేస్తూ రాసుకుంటూ పొమ్మంటాం. 93, 86, 79, 72. మొదటి నిమిషం అందరూ తరగతిలో ఫస్టే. రెండో నిమిషానికి ఒకడి అంకెలు పెద్దవవుతాయి, గీత దాటి కిందికి జారతాయి. ఒకతను 79 దగ్గర ఆగి 79, 79, 79 అని పేజీ చివరిదాకా రాశాడు. మొహంలో మాత్రం పెళ్లికొడుకు కళ. గోళ్లు చూస్తే నేరేడు పండు రంగు. "మాస్కు పెట్టుకో" అని స్పీకర్లో పేరు పెట్టి పిలిస్తే తలూపాడు, చెయ్యి లేవలేదు. మళ్లీ పిలిస్తే మళ్లీ తలూపాడు. పక్కన మాస్కుతో కూర్చున్న నేను లేచి అతని మాస్కు బిగించాను. నాలుగు శ్వాసలకు రంగు తిరిగింది. కాగితం చూసుకుని, "ఇది నా రాత కాదు, మార్చారు" అని నాతో వాదం పెట్టుకున్నాడు.

చాలామంది పైన గాలిలో ఆక్సిజన్ ఉండదనుకుంటారు. ఉంటుంది. నూటికి 21 పాళ్లు ఇక్కడెంతో అక్కడా అంతే. తగ్గేది దాన్ని మన రక్తంలోకి నెట్టే ఒత్తిడి. మిషన్ భగీరథ నల్లా గుర్తు తెచ్చుకోండి. నీళ్లు అవే, పైపు అదే, ప్రెషర్ లేనిరోజు మేడ మీద ట్యాంకుకు చుక్క ఎక్కదు. 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి నేల మీద దాంట్లో సగం. 25,000 దగ్గర మాస్కు లేకుండా మనిషి పనికొచ్చేలా ఉండేది మూడు నుంచి ఐదు నిమిషాలు. 35,000 దగ్గర అర నిమిషం నుంచి నిమిషం. 43,000 దాటితే పది సెకన్ల మాట. అది స్పృహ తప్పే సమయం కూడా కాదు, చేతిలోని స్విచ్చిని సరిగ్గా వెయ్యగలిగే సమయం. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి అప్పటికే పనికిరాడు.

1875 ఏప్రిల్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్లు జెనిత్ అనే బెలూన్‌లో 8,000 మీటర్లు దాటి పోయారు. వెంట ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. అందుకోవాల్సిన సమయానికి చేతులు లేవలేదు. క్రోసే-స్పినెల్లి, సివెల్ చనిపోయారు. బతికిన టిసాండియే చెవుడుతో దిగి, పైన తమకు భయం వెయ్యలేదని, సంతోషంగా ఉందని రాశాడు. ఛాంబర్‌లో ఆ తలూపిన కుర్రాణ్ని చూసినప్పుడల్లా నాకు ఈ ముగ్గురే గుర్తొస్తారు.

సార్లూ, నేను చెప్పదలుచుకున్నది ఇదే. కాలు విరిగితే మనిషికి తెలుస్తుంది. కడుపునొప్పి వస్తే తెలుస్తుంది. ఆక్సిజన్ తగ్గిన మెదడు మాత్రం బాగున్నానని తనకు తానే చెప్పుకుంటుంది. అందుకే ఎయిర్‌ఫోర్స్ ప్రతి పైలట్‌నూ ఛాంబర్‌లో కూర్చోబెట్టి, నీకు మొదట ఏం జరుగుతుందో గుర్తుపెట్టుకో అంటుంది. ఒకరికి పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఒకరికి చెవులు వేడెక్కుతాయి, ఒకరికి ఊరికే నవ్వొస్తుంది. ఆ చిన్న గుర్తు కనిపించిన వెంటనే సిగ్గుపడకుండా రేడియోలో చెప్పి, మాస్కు సరిచూసుకుని కిందికి దిగాలి. ఒంట్లో తేడాను వెంటనే బయటికి చెప్పడమే అక్కడ ఇచ్చే ట్రైనింగ్. మీరు ఇచ్చేది దానికి తలకిందుల ట్రైనింగ్.

ఫైటర్ కాక్‌పిట్‌లో కూడా గాలి ఒత్తిడి నింపుతారు కదా అని మీ ఫిజిక్స్ సార్ అడగొచ్చు. నింపుతారు, కొంచెమే. ప్రయాణికుల విమానం 35,000 అడుగుల మీద పోతున్నా లోపల మనం ఊటీలోనో కొడైకెనాల్‌లోనో కూర్చున్నంత ఒత్తిడి ఉంటుంది. ఫైటర్‌లో అట్లా కాదు. 40,000 మీద పోతుంటే లోపల 16 నుంచి 20 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే. యుద్ధంలో తూటా తగిలి కనోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) పగిలిందనుకోండి, లోపల ఒత్తిడి ఎంత ఎక్కువుంటే పేలుడు అంత పెద్దది. అందుకే తక్కువ పెడతారు, మిగతాది మాస్కు చూసుకుంటుంది. 40,000 దాటాక కాక్‌పిట్ ఒత్తిడి పోతే వంద శాతం ఆక్సిజన్ కూడా చాలదు, దాన్ని ఊపిరితిత్తుల్లోకి బలవంతంగా నెట్టాలి. అప్పుడు శ్వాస తిరగబడుతుంది. గాలి తానే వచ్చి దూరుతుంది, బయటికి వదలడానికి కష్టపడాలి. మొదటిసారి చేసినవాళ్లు మాట్లాడబోయి కప్పలా నోరు తెరుస్తారు.

ఇంకా పైకి పోతే సంగతి ఒంట్లోని నీటి దాకా వస్తుంది. లేహ్‌లో పనిచేసినవాళ్లను అడగండి, అక్కడ అన్నం ఎసరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కుక్కర్ లేకపోతే మెతుకు ఉడకదు. 63,000 అడుగుల దగ్గర నీళ్లు 37 డిగ్రీలకే మరుగుతాయి. అంటే మన ఒంటి వేడికే. 1981 నుంచి 2006 దాకా మన ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్న మిగ్-25లు ఆ ఎత్తులకు పోయేవి, వాటి పైలట్లు ప్రెషర్ సూట్లు వేసుకుని ఎక్కేవాళ్లు.

నైట్రోజన్ సంగతి గోలీసోడాతో చెప్తే మీ పిల్లలకు తొందరగా ఎక్కుతుంది. గోలీ నొక్కగానే సీసాలో ఒత్తిడి పడిపోయి, కరిగి ఉన్న గ్యాసు బుడగలై పైకి తన్నుకొస్తుంది. మన రక్తంలో, కొవ్వులో కరిగి ఉన్న నైట్రోజన్ కూడా 18,000 అడుగులు దాటాక అదే పని చెయ్యగలదు. మోకాళ్లలో, భుజాల్లో బుడగలు చేరితే పోటు, ఊపిరితిత్తుల్లో చేరితే దగ్గు, మెదడులో చేరితే చూపు, మాట. అందుకే పైకి పోయే ముందు వట్టి ఆక్సిజన్ పీల్పించి నైట్రోజన్‌ను కడిగేస్తారు. అమెరికా యూ-2 గూఢచారి విమానాల పైలట్లు 70,000 అడుగుల మీద ఎగరడానికి ముందు గంటసేపు ఇదే పని చేస్తారు. అయినా వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్ల పదార్థంలో చిన్న మచ్చలు మామూలు వాళ్లకంటే సుమారు మూడు రెట్లు కనిపించాయి. తర్వాత ఛాంబర్లో డ్యూటీ చేసే సిబ్బందిని చూస్తే వాళ్లలోనూ ఉన్నాయి. ఆ వార్త చదివిన రోజు నేను మాత్రం వంద నుంచి ఏడు తీసేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇంకా సరిగ్గానే వస్తోంది.

జీ గురించి, అంటే మలుపులో ఒంటి బరువు ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే లెక్క గురించి, మీరు క్లాసులో చెప్తారని విన్నాను, కాబట్టి రెండు ముక్కలు. 70 కిలోల మనిషి 9 జీ మలుపులో 630 కిలోలు తూగుతాడు. తల, హెల్మెట్ కలిపి బియ్యం బస్తా కంటే బరువు, ఆ బస్తాతో మెడ తిప్పి వెనక శత్రువు ఎక్కడున్నాడో చూడాలి. రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, ముందు రంగులు పోతాయి, తర్వాత చూపు, తర్వాత స్పృహ. తిరిగి తెలివి వచ్చి ఎక్కడున్నానో అర్థమయ్యేసరికి పావు నిమిషం నుంచి అర నిమిషం. ఆ జోరులో అర నిమిషమంటే కొన్ని కిలోమీటర్లు. జీ-సూట్ కాళ్లను, పొట్టను పిండి కొంత కాపాడుతుంది, మిగతాది పైలట్ కండలు బిగబట్టి, మూడు సెకన్లకోసారి శ్వాస మారుస్తూ తానే ఆపుకోవాలి. ముందురోజు నీళ్లు తాగకపోయినా, నిద్ర లేకపోయినా ఆ ఓపిక తగ్గుతుంది. మెడికల్‌లో వెన్నెముక ఎక్స్‌రే తీసేది ఎందుకో, బరువు తగ్గాలని మీరు రెండ్రోజులు నీళ్లు మాన్పించడం ఎంత తెలివితక్కువ పనో దీన్నిబట్టి చూసుకోండి.

ఆడపిల్లల గురించి ఒక మాట విడిగా. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆక్సిజన్‌ను మోసే బండి హిమోగ్లోబిన్. బండ్లే తక్కువున్నప్పుడు పైన సరుకు కూడా తగ్గితే ఏమవుతుంది? గ్రౌండ్‌లో ఒక అమ్మాయి మూడో రౌండ్‌కే తల పట్టుకుని కూర్చుంది. పొద్దున ఏం తిన్నావు బిడ్డా అంటే చాయ్ అంది. రక్తపరీక్ష చేయించుకున్నావా అంటే, మెడికల్ అప్పుడు వాళ్లే చేస్తారట కదా అంకుల్ అంది. ఐరన్ గోళీలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. మూడు నెలలు క్రమంగా మింగితే లెక్క మారుతుంది. మెడికల్‌కు వారం ముందు బీట్‌రూట్ రసం తాగితే మారదు.

కలర్ ప్లేట్ల సంగతి కూడా. రన్‌వే పక్కన నాలుగు దీపాల వరుస ఉంటుంది. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే విమానం సరైన వాలులో దిగుతోందని అర్థం. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేశాడని. ఆ దీపాలకు పీడీఎఫ్ లేదు. పైగా రాత్రిచూపు 5,000 అడుగుల నుంచే తగ్గడం మొదలవుతుంది, ఆక్సిజన్ కొరత మొదట తగిలేది కంటికే. ఆ గ్రూపుల్లోంచి ఆ ఫైళ్లు దయచేసి తీసెయ్యండి.

మీ కష్టం నాకు తెలియక కాదు. ఒక్క సెలక్షన్ వస్తే మీకు ఏడాది అడ్మిషన్లు. పిల్లవాడి ఇంట్లో అర ఎకరం తాకట్టులో ఉంటుంది. అన్నీ దాటి వచ్చాక చెవి దగ్గర ఆగిపోతే ఎవరికైనా దాచాలనిపిస్తుంది. కానీ దాస్తే దొరికిపోవడమే ఎక్కువ. టెంపరరీ అన్‌ఫిట్ అంటే చికిత్స చేయించుకుని మళ్లీ రమ్మనే. పర్మనెంట్ అంటే అప్పీల్ ఉంది. ముక్కు దూలం వంకరను సరిచేయించుకుని తిరిగొచ్చినవాళ్లను నేనే చూశాను. బెంగళూరులో 1957 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉన్నది పైలట్లను తీసెయ్యడానికి కాదు. ఏ ఒంటికి ఏ ఎత్తు ఎంతవరకు సరిపోతుందో తేల్చి, వీలైనంతమందిని మళ్లీ ఎగిరేలా చెయ్యడానికి. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ పైలట్ల ఎంపిక పరీక్షలూ అక్కడే జరిగాయి.

నా కోరిక పెద్దదేం కాదు. పిల్లవాడు చేరిన మొదటి నెలలోనే, ఫీజు మొత్తం కట్టించుకోకముందే, ఒక చెవి-ముక్కు డాక్టర్‌కు, ఒక కంటి డాక్టర్‌కు, ఒక పళ్ల డాక్టర్‌కు చూపించండి. పళ్లు ఎందుకంటే, సరిగ్గా నింపని పన్నులో చిక్కుకున్న గాలి కూడా పైన పోటు పెడుతుంది. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీకి పోయే పని. ఏం తేలితే అది తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పండి. ఫ్లయింగ్‌కు కుదరని పిల్లవాడికి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉంది, వాతావరణ విభాగం ఉంది, ఇంజినీరింగ్ ఉంది. మన తేజస్ ఫైటర్ పైలట్ పీల్చే ఆక్సిజన్‌ను విమానంలోనే తయారుచేసే వ్యవస్థను డీఆర్‌డీఓ వాళ్ల బెంగళూరు ల్యాబ్ తయారుచేసింది, 2025 మార్చిలో 50,000 అడుగుల మీద పరీక్షించారు కూడా. దాన్ని చేసినవాళ్లను కర్ణభేరి కదులుతుందా అని ఎవరూ అడగలేదు. మా మేనల్లుడు ఇప్పుడు బీటెక్ రెండో ఏడు. ఆ వార్త వాడే నాకు పంపించాడు.

ఏదైనా ఆదివారం పొద్దున పిలవండి, గంటసేపు వచ్చి పిల్లలతో మాట్లాడతాను. డబ్బులేం వద్దు. నాలుగు గోలీసోడాలు, ఒక సర్జికల్ గ్లౌజు తెచ్చుకుంటాను. ఇంకో కాగితం కూడా తెస్తాను. ఛాంబర్ డ్యూటీలో చేరిన కొత్తలో నాకూ మాస్కు తీసి కూర్చోబెట్టారు. అంకెలు కాకుండా తెలుగులో ఏదైనా రాస్తానంటే సరేనన్నారు. మా పరకాల పేరు పదిసార్లు రాశాను. అంత చక్కగా నేను జన్మలో రాయలేదనిపించింది, లోపల పాట కూడా పాడుకుంటున్నాను. ఆ కాగితం మీద మొదటి మూడు వరుసల్లో పరకాల అని ఉంది. నాలుగో వరుస నుంచి కిందిదాకా క, క, క, క.

ఇట్లు
ఒక రిటైర్డ్ మెడికల్ అసిస్టెంట్
హనుమకొండ